డొల్ల పలికే చోటు

మొగిలి కనుమ ఎక్కి పలమనేరు దారి పట్టాక
టమేటా మండీకి ఇవతల, చింతతోపు పక్కన
పెంకుల గుడి ఒకటుంది.
పిల్లోళ్ళు చర్చి అంటారు. మా జేజికి ఎప్పుడూ గుడే.

గోడలకు ఊరి గుట్ట రాయి,
సున్నంలో కరక్కాయ రసం, బెల్లం నీళ్ళు.
"గోడలకు పోసినాం గాని ఆ బెల్లం
బిడ్డల నాలిక మీద పెట్టలేదు" అనేదంట
జేజి వాళ్ళ జేజి.

వాకిలి పైన చలవరాతి పలక.
దొర పేరు, దొరసాని పేరు, సంవత్సరం.
మోసినోళ్ళ పేర్లు లేవు.
పలక చిన్నదంట, చోటు చాల్లేదంట.

ధాతు కరువులో వచ్చినారు వాళ్ళు.
పద్నాలుగు ఇండ్లు.
ఇండ్లంటే ఇండ్లు కాదు,
ఆరిపోయిన పద్నాలుగు పొయ్యిలు నడిచొచ్చినాయి.
గొడ్లు కనుమ కిందే పడిపోయినాయి.
గిన్నెలు అమ్మేసినారు, వెండి కడియాలు అమ్మేసినారు.
తిరగలి మాత్రం ఎవరూ కొనలేదు.
గింజ లేని సీమలో తిరగలి ఎవడికి కావాల?
అందుకే మోసుకొచ్చినారు:
కింది రాయి మొగుడి తల మీద, పై రాయి పెండ్లాం తల మీద,
నడిమధ్య బిడ్డ, చేతిలో పిడికట్టె.

దొర గంజి పోసినాడు. రాళ్ళు కొట్టే పనిచ్చినాడు.
కొత్త పేర్లు కూడా ఇచ్చినాడు.
బూదెప్ప గిద్యోను అయినాడు, మునెక్క యెస్తేరయింది.
నరసింగుడు మూడు వారాలు ఆలోచించి
"ఈ పేరుతో పిలిస్తేనే మా యమ్మ కలలోకొస్తాది" అని
అట్లే ఉండిపోయినాడు.
పుస్తకంలో ఏం రాసుకున్నారో మనకు తెలవదు.

గోడలు లేచినాయి, దూలాలెక్కినాయి,
నేలకు బండలు చాల్లేదు.
ముందుగా మునెక్కే తెచ్చిందంట తన పై రాయి.
"గింజలొస్తే ఇంకోటి కొట్టించుకుంటాంలే."
"రాకపోతే?"
"రాకపోతే దీంతో ఏం పని?"

పద్నాలుగు రాళ్ళు, గుండ్రంగా, నడుమ బొక్క.
చిన్నప్పుడు ప్రసంగం సాగుతా ఉంటే
ఆ బొక్కలో చింతపిక్కలు దాచేవాణ్ణి.
చీమలొచ్చేవి. వాటికి ఆదివారం లేదు.
మా జేజి సమాధానమ్మ
ఎంతమంది వచ్చినా జరిగేది కాదు,
మా రాయి మీదే, చాప కూడా లేకుండా.
చూపు పోయినాక
పాదంతో తడిమి, బొక్క తగిలితే
"ఆ, ఇల్లొచ్చింది" అనేది.

మొన్న కమిటీ కూర్చునింది.
టైల్స్ వేద్దాం, తుడిచేదానికి సులువు అన్నారు.
"ఆ రాళ్ళు మోకాళ్ళకు గుచ్చుకుంటాయి" అనింది దీవెనమ్మ.
అబద్ధం కాదు. ఆమె చేసినంత ప్రార్థన నేను చెయ్యలేదు.
చేతులెత్తమన్నారు. పదకొండు, తొమ్మిది.
ఏలీయా సారు రెండుసార్లు లెక్కపెట్టినాడు, మారలేదు.

బంగారుపాళ్యం దస్తగిరి వచ్చినాడు పనికి.
పెకలించే పన్లేదు, పైనే పరుస్తానన్నాడు.
సిమెంటు కలిపి బొక్కలు పూడుస్తా వచ్చినాడు,
ఒకటి, రెండు, పదమూడు.
మా రాయి కాడ తాపీ ఆగింది.
నేనేమీ అనలేదు. దూలం కేసి చూస్తా నిలబడినాను.
వాడు వేలు పెట్టి ఏదో గీరి తీసినాడు,
ఎండిన చింతపిక్క. నా చేతిలో పెట్టి
"మా అవ్వ కాడా ఉండె, ఇట్లాంటి తిరగలి" అని
బొక్క పూడ్చకుండానే టైలు మూసేసినాడు.

ఇప్పుడు నేలంతా తెల్లగా ఉంది. జారతాది కూడా.
రొట్టె కోసం లేచి వరుసలో పోతా
మూడో కిటికీ ఎదురుగా
మడమ కొంచెం గట్టిగా వేస్తాను.
డబ్బుమంటాది.

దీవెనమ్మ తిరిగి చూస్తాది.
టైలు సరిగ్గా అంటలేదు,
ఆ దస్తగిరిని పిలిపించు అంటాది.

పిలిపిస్తాననే చెప్తా ఉన్నాను.