గాలి లెక్క

నలభయ్యో నంబరు రోడ్డు మీద
గాలికి వేరే పనేమీ లేదు.
పడమటి కొండల్లోంచి దిగడం,
గ్వనాకోల వీపులు ఎదురు దువ్వడం,
ముళ్ళపొదల చెవులు మెలిపెట్టి
సముద్రం దాకా ఈడ్చుకుపోవడం.

అంత గాలిలో
నా కారు ఎడమ ముందు చక్రంలో మాత్రం
గాలి లేదు.

కొని మూడు వారాలు. పాత ఫియట్.
అమ్మినవాడు ఇంజిను గురించి గంటసేపు చెప్పాడు గానీ
కాళ్ళ సంగతి ఎత్తలేదు.
వెనక సీట్లో ఐసుపెట్టె నిండా గొర్రెల టీకాలు.
ఐసు కరుగుతున్న చప్పుడు
నాకొక్కడికే వినిపిస్తోంది.

స్టెప్నీ బయటికి లాగి బొటనవేలితో నొక్కాను.
లోపలికి పోయింది.
నాకంటే ముందే అలిసిపోయి
ఎప్పుడో పడుకుంది పాపం.

ఉన్ని లారీ ఒకటి ఆగింది.
డ్రైవరు దిగలేదు, అద్దం దించాడు.
"ఒతిలియాకి చెబుతాలే" అని దుమ్ములో కలిసిపోయాడు.
ఒతిలియా ఎవరో తెలీదు.
రెండు గంటలు ఆమె కోసం ఎదురు చూశాను.

వచ్చింది. పికప్ వెనక కంప్రెసరు,
తలకి ఉన్ని టోపీ, అరవై దాటిన మోకాళ్ళు.
చక్రం వైపు చూడనేలేదు.
"కారు ముక్కు గాలికేసి పెట్టావు.
తెలిసి చేశావా?"
తెలీక చేశానన్నాను.
"అయినా మంచిదే. వీపు పెట్టి ఆపితే
తలుపు తెరిచిన వెంటనే ఊడి పక్క దేశంలో దొరికేది."

జాకీ మీద లేచిన చక్రాన్ని,
నా చేతిలో వృథాగా తిరుగుతున్న స్పానరుని అప్పుడు చూసింది.
"దించు" అంది.
"బోల్టులు నేల మీద ఉన్నప్పుడే వదులు చెయ్యాలి డాక్టరూ.
కాలు నేల మీద లేనివాడితో
ఏ బేరం తెగుతుంది?"

దించాను. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టించింది.
కంకరలోకి జాకీ దిగబడకుండా పలక ముక్క వేయించింది.
తను మాత్రం బంపరు మీద కూర్చుని
మాతే తాగుతూ నన్ను తిట్టింది.

టైరు మీద సబ్బునీళ్ళు పోశాం.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక్కచోట
చంటిపిల్ల పెదాల మీద ఉమ్మి బుడగలా
మెల్లగా ఊరింది.

పట్టకారుతో లాగితే ఒక మేకు.
ఎండలో తిప్పి తిప్పి చూసింది.
"నాడా మేకు. బర్రియా వాళ్ళ ఎర్రగుర్రానిది,
దాని నాడాలు ఎప్పుడూ వదులే.
టీకాలు ఎవరికి?"

బర్రియాకే.

నవ్వింది. ఆ నవ్వులో
ముందరి రెండు పళ్ళు లేవు.
"వాడి గొర్రెలకి నువ్వు సూది వేసేలోపే
వాడి గుర్రం నీకు వేసింది."

కన్నంలో ఆకురాయి తిప్పి
జిగురు పట్టీ దూర్చి, తోకలు కోసి
గాలి పట్టాను, స్టెప్నీకి కూడా.
"ఇరవై ఎనిమిది చాలు, కంకర మీద
బిర్రుగా ఉన్నదే ముందు పగులుతుంది."
బోల్టులు వరసగా బిగించబోతే చెయ్యి పట్టుకుంది.
"ఒకటి, దానికి ఎదురుది. అన్నదమ్ములకి మాంసం పంచినట్టు
కొంచెం కొంచెంగా, అటూ ఇటూ."

వెళ్ళబోతూ బానెట్ ఎత్తించింది.
నూనెపుల్ల తీసి మురిసిపోతుంటే
"తుడిచి మళ్ళీ ముంచు" అంది.
"మొదటిసారి అది నిజం చెప్పదు."
రెండోసారి పుల్ల కొసన
నల్లటి చుక్క, అంతే.

డబ్బులు లెక్కపెట్టి తీసుకుంది.
మేకు అడిగాను, గుర్తుగా.
ఇవ్వలేదు. సీటు కింద సీసాలో వేసింది,
వందల మేకుల మధ్య టంగుమని.
"బర్రియాకి చూపించాలి."

యాభై కిలోమీటర్లు పోయాక
మళ్ళీ బిగించమంది.
ఎవరూ లేని చోట ఆపాను,
ముక్కు గాలికి పెట్టి, ఈసారి తెలిసి.
మూడు బోల్టులు కదల్లేదు.
నాలుగోది పావు చుట్టు తిరిగింది.

ఆ పావు చుట్టు
స్పానరు లోంచి మోచేతి దాకా ఎక్కింది.
ఐసుపెట్టెలో ఇంకా ఒక ముక్క మిగిలింది.