దారం కనిపించే చోటు

డే అండ్ నైట్ జంక్షన్‌లో, మెట్ల కింద స్టూడియో.
నా మొదటి ఫొటోలన్నీ క్యారమ్ బోర్డు మీద పరిచి
దాలినాయుడు గారు ఒక్కోదాన్నీ వేలితో జరిపారు.
"ఈవిడి నెత్తిన కరెంటు స్తంభం మొలిచీసింది.
ఈయన చేతులు మణికట్టు కాడ నరికీసినావు.
ఈ గుంటడికి కళ్ళేవమ్మా?
రెండు గోతులున్నాయి గానీ."
మధ్యాహ్నం తీశానన్నాను.
"సూరీడు నడినెత్తిన ఉన్నప్పుడు
మొగం కాదు, పుర్రె వస్తాది.
రేపు బేగి లెగు."

పొందూరు. ఏడు కూడా కాలేదు.
తవిటమ్మ గారు గుమ్మంలో రాట్నం ముందు కూర్చుని ఉంది.
పక్కన అరటి దొప్పలో ఏకులు,
గూట్లో వాలుగ చేప దవడ,
పత్తిలో నలుసు దువ్వే పళ్ళతో.

నేర్చుకున్నదంతా ఒక్క పూటలో చేసేయాలని నా ఆత్రం.
గోడ బాగుందని పెరట్లోకి రమ్మన్నాను.
గోడ బాగానే వచ్చింది, ఆవిడ కళ్ళు చికిలించింది.
అరుగు మీదికి మార్చాను,
వెనక నుంచి ఎర్ర ప్లాస్టిక్ బిందె
ఆవిడ భుజమ్మీదెక్కి కూర్చుంది.
వంటింట్లో ఫ్లాష్ కొట్టాను.
నుదురు తోమిన ఇత్తడి పళ్ళెంలా మెరిసి,
గోడ మీద ఇంకో తవిటమ్మ, నల్లగా,
నా మీద కోపంతో లేచి నిలబడింది.

మూడుసార్లు రాట్నం మోశాం.
నవ్వమంటే నవ్వింది కూడా,
రేషన్ కార్డుకి నవ్వినట్టు.

చివరికి తనే రాట్నం ఎత్తుకుని గుమ్మంలోకి నడిచింది.
"ఓలమ్మీ, నువ్వెక్కడ కూకోమంటే అక్కడ కూకుంతాను గానీ
నాకు దారం అగుపడాలి కదేటి.
నలబై ఏళ్ళు ఈ గుమ్మం కాడే ఎందుకు కూకున్నానంతావు?
బయట ఎండలో కళ్ళు మండుతాయి.
లోపలికెల్తే పోగు తెగినా తెలీదు.
గడపకి జానెడు ఇవతల, ఇదిగో, ఇక్కడ
ఎల్తురు మెత్తగుంటాది."

మెత్తగా.
నెల రోజులు దాలినాయుడు గారు
సిగరెట్ పెట్టెల మీద గీసిచ్చిన బాణాలు, కోణాలు
నా సంచిలో అడుగున ఉన్నాయి.
తీయలేదు.
నేల మీద కూలబడ్డాను, ఆవిడ కళ్ళకి సమంగా.

ఎడమ చెంప ఇంకా చీకట్లోనే ఉందన్నాను.
పక్కింటి సూరమ్మని కేకేసి
మడత విప్పని కొత్త పంచె తెప్పించింది.
సూరమ్మ దాన్ని చాచి పట్టుకుంది.
పంచె మీద పడ్డ వెలుతురు
తిరిగొచ్చి, ఆ చెంప మీద
ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

అప్పటికి నన్ను మర్చిపోయింది.
చెయ్యి వెనక్కి సాగుతోంది, పోగు సాగుతోంది.
సాగే వైపు ఖాళీ వదిలాను.
ఆ రెండు కళ్ళల్లో
రెండు చిన్న గుమ్మాలు తెరిచి ఉన్నాయి.
నొక్కాను.

ప్రింటు తీసుకెళ్తే కళ్ళజోడు పెట్టుకుని
చేతులు చాచి దూరంగా పట్టుకు చూసింది.
"మా అప్పలాగున్నాను."
చాలాసేపు చూసింది.
"మరి దారమేదీ?"

వేళ్ళున్నాయి, కదురుంది.
మధ్యలో ఏమీ లేదు.
లెన్సు బార్లా తెరిచి
కళ్ళ కోసం పోగుని కరిగించేశాను.

"కన్ను కొంచెం ముయ్యాలి," అన్నారు దాలినాయుడు గారు,
నాదో, లెన్సుదో చెప్పకుండా.
"తెల్ల పోగు వెనక నీడుండాలమ్మా.
తెలుపు మీద తెలుపు ఎవడికి అగుపడతాది?"

ఫోన్ చేస్తే తవిటమ్మ గారు నవ్వింది,
ఈసారి ఎవరూ అడగకుండానే.
"రేపు ఏడింటికల్లా రా.
లోన తలుపు మూసీసి చీకటి సేసుంచుతాను.
ఏడున్నర దాటితే నాకు తెలీదు,
ఎల్తురు గడప దిగి ఎల్లిపోద్ది."