షువైఖ్ కాలువ, పోటువేళ

కిటికీ అవతల నలభై ఎనిమిది డిగ్రీలు.
ఇవతల స్వెట్టరేసుకుని నేను
తెర మీది ఆకుపచ్చ చుక్కలకి కాపలా.
చుక్కకో ఓడ.
కొన్నిటికి పేరుంది, పొడవుంది,
ఎంత లోతు మునుగుతుందో లెక్కుంది.
చేపల పడవలకి ఏమీ లేదు.
నీటి మీద గీత గీసి, చెరిపేసుకుంటూ పోతాయి.

కువైట్ అఖాతంలో నీళ్ళు పలచన.
బురద తవ్వి చేసిన ఒంటిదారి ఇది,
ఒకటొస్తుంటే ఒకటి ఆగాలి.
పెద్దవి పోటు మీదే రావాలి.
పోటు మా ఆఫీసు గడియారం చూడదు,
దాని పట్టీ చూసి
మేమే అన్నాలు తినే వేళలు మార్చుకుంటాం.

మా తాత గన్నెయ్య లాకు లస్కరు.
గోదారి కాలువ మీద తవుడు పడవలూ ఇటుక పడవలూ
వరస కట్టి అరుస్తుంటే
తలుపుల మర తిప్పుతూ తిట్టేవాడట:
“అందరికీ తొందరేరా, నీళ్ళకి తప్ప!”
సర్కారు పుస్తకంలో లేని రూలొకటి ఉండేదాయనకి.
ప్రాణమున్న సరుకు ముందు.
నొప్పులొచ్చిన మనిషి, దూడలు, కోళ్ళగంపలు.
ఇటుక ఎండితే ఇటుకే కదా, అనేవాడు.

ఇవాళ వరసలో మూడు.
ఒకటి, బయట్నుంచి కంటైనర్ల ఓడ, నిండా మునిగి.
రెండు, లోపల్నుంచి తుక్కు ఇనుము నింపుకుని పోయేది.
మూడు, బెర్బెరా నుంచి గొర్రెల ఓడ,
నజ్మత్ అల్-బర్, నాకంటే పెద్దది వయసులో.
పోటు నిండుగా నిలిచేది కాసేపే.
మొదటి రెండూ దాన్ని తినేస్తాయి.
మూడోదానికి లోతు అక్కర్లేదు, ఖాళీ కావాలి.
పట్టీ ప్రకారం రాత్రి తొమ్మిది.

“పోర్ట్ కంట్రోల్, పోర్ట్ కంట్రోల్.”
మేటు అద్నాన్, లతాకియా మనిషి.
పొద్దున్న సలాం చెప్పి మాట మొదలెట్టాడు,
పదింటికి సలాం మానేశాడు.
“గాలి లేదు. కింది డెక్కులో రెండు ఫ్యాన్లు చచ్చాయి.
నిన్నట్నుంచి అరవై పోయాయి.”
మీట వదలడం మర్చిపోయాడో, కావాలనే నొక్కి ఉంచాడో,
మాట అయిపోయాక కూడా
ఛానెల్ నిండా అరుపులు.
అఖాతంలో ఉన్న సరంగులంతా విన్నారు.
లైను ఖాళీ చెయ్యమని ఒక్కడూ అనలేదు.

“మూడో నంబరు, ఆగు,” అన్నాను.
జీతం తీసుకుని నేను అనే మాటల్లో
ఎక్కువసార్లు అనేది అదే.

కంటైనర్లది లోపలికొచ్చేసింది.
రెండూ పదకొండుకి పైలట్ ముసాయిద్:
తుక్కు ఓడ తాడు టగ్గు కొక్కేనికి చిక్కుకుంది,
పాతిక నిమిషాలు పడుతుంది.
పాతిక నిమిషాల ఖాళీ కాలువ.
గొర్రెల ఓడకి కావలసింది నలభై.
తక్కువైన పదిహేను ఎవరి ఖాతాలోవి?

హార్బర్ మాస్టరుకి ఫోన్ చేశాను.
ముందు ఆయన ఊపిరి వినిపించింది.
“లాగ్‌లో నీ పేరు రాయి,” అని పెట్టేశాడు.

నజ్మత్ అల్-బర్ కదిలింది.
ఆరు నాట్లు. ఐదున్నర. ఆరు.
ఏడో బోయా దగ్గర
చుక్క ఆగిపోయిందనే అనుకున్నాను.
బల్ల కింద నా చెయ్యి
లేని మరని తిప్పుతోంది.
కదిలింది.

తుక్కు ఓడకి పోటు దాటిపోయింది, పాటు లాగేసింది.
దానికి పన్నెండు గంటల అద్దె దండగ.
నాకు మూడు లైన్ల ఉత్తరం,
సంబోధన లేకుండా.

ఆరింటికి డ్యూటీ దిగి గేటు దాటుతుంటే
రెండంతస్తుల లారీలు, కమ్మీల సందుల్లో ముక్కులు.
బక్రీదు ఇంకా తొమ్మిది రోజులుంది.
తాతా, నీ రూలు ఇక్కడ నడిపించాను.
దేనికి ముందు పంపావురా అని మాత్రం అడక్కు.

రేవు గోడ వార రేకు తొట్లో
గొట్టంతో నీళ్ళు పడుతున్నాడో సిల్హెట్ కుర్రాడు.
తలలు దించాయి.
చాలాసేపు ఎత్తలేదు.