విత్తనాల సంచి

దుకాణంల కొన్న బ్యాగు మంచిదే.
నల్లగ, తొమ్మిది జేబులతోటి, నడుముకు పట్టీతోటి,
వానొస్తే తొడిగే టోపీ కూడా ఉండె దానికి.
ఒక్కటే ఐబు:
నాకంటే ముందు అది మాట్లాడేది.

చండూరు సంతల దిగుతనే
మిరపకాయలామె కొంగు సర్దుకునేది,
తక్కెడ కింది రాయి పక్కకు జరిగేది,
"ఏ పేపరక్కా?" అనుకుంట ఎవడో ఒకడు ఎదురొచ్చేటోడు.
డిండి వాగు కాడనైతే
ఇసుక ట్రాక్టర్లు నింపకుండనే మర్లిపోయినయి.
డ్రైవరు పోరడు బ్యాగునే చూసిండు,
నా మొఖం చూడనే లేదు.

ఓ మాపటీలి, నల్లగొండ గడియారం కాడ
బండి సీట్లు కుట్టే మహమూద్ చాచా మెట్టు మీద కూసున్న.
"కనబడని సంచి కావాలె చాచా."
దారం పండ్లతోటి తెంపుకుంట అన్నడు:
"కనబడకుంటే నేనెట్ల కుట్టాలె బిడ్డా?"

ఒక్కొక్కటి తీసి చూపెట్టిండు.
ల్యాప్‌టాప్ బ్యాగు: వద్దు, ఫైనాన్స్ పిల్ల అనుకోని
వాడకు వాడ తలుపులు పెట్టుకుంటది.
నీలం రెక్సిన్‌ది: బీమా ఏజెంటనుకుంటరు,
అందరికీ ఒక్కపారే ఏదో పని యాదికొస్తది.
టిఫిన్ బుట్ట బాగనే ఉంది గని
"ఏం కూర తెచ్చినవ్?" అని మూత తీసి చూస్తరు మనోళ్లు.

అప్పుడు కనబడ్డది, మొలకు వేలాడుకుంట
పత్తి విత్తనాల కంపెనోళ్లు ఉత్తగిచ్చిన సంచి.
ఈ జిల్లాల అది లేని ఇల్లు లేదు.
ఉతికి ఉతికి అక్షరాలు సగం పోయినయి.
"ఎకరాకు పదిహేను క్వింటాళ్లు" అని ఉండె ఒకప్పుడు.
ఆ మాట ఎవ్వలూ నమ్మలే,
గందుకే దాన్ని ఎవ్వలూ చదువరు.
"గిదే చాచా," అన్న.

లోపల మెత్తకు మా నాయిన గొంగడి,
ఎలుకలు కొరికినంత మేర కోసి పారేసి.
పెద్ద లెన్సుకు మా అన్న బిడ్డ బడి సాక్సు.
"జిప్పు వెయ్యన్నా?"
వద్దు, చర్రుమంటే బర్రె కూడా తలెత్తి చూస్తది.
అంటుడు పట్టీ అసలే వద్దు, బట్ట చింపినట్టే.
చివరికి ఆయన పాత అంగీదే ఒక గుండీ,
చప్పుడు లేకుంట ఇప్పేటిది, చప్పుడు లేకుంట పెట్టేటిది.
భుజం కోయకుంట పాత కారు బెల్టు.
ఎనభై రూపాయలు, ఒక చాయ్.

నెల రోజులు నేను ఎవ్వలికీ కనబడలే.
సంతల ఒకామె పిల్లగాన్ని పట్టుకొమ్మని నా చేతుల పెట్టిపోయింది.
దేవరకొండ బస్సుల ఒక ముసలమ్మ
నా సంచి మీద తన ముల్లె పెట్టి నిమ్మలంగ నిద్రపోయింది.
లోపల లక్షా పదివేలు, ఇంకా పదకొండు కిస్తీలు.
నేను ఊపిరి బిగబట్టుకొని కూసున్న.

ఇగ ఆ శుక్రవారం
ఇంటికొచ్చి గుండీ ఇప్పబోతే గుండీ లేదు.
సంచి నిండ బత్తాయిలు.

కాళ్లల్ల సత్తువ పోయి గడపల కూలబడ్డ.
ఎవలికి ఫోన్ చెయ్యాలె? ఏమని చెప్పాలె,
ఎట్లుంటది సంచి అంటే?
అందరి సంచి లెక్కనే ఉంటది సారూ.

పొద్దుగూకినంక ఫోన్ మోగింది.
"అమ్మా, నేను గుర్రంపోడు ఈదయ్యను.
నా బత్తాయిలు నీ కాడున్నయా?
నీ మిషిను నా కాడుంది. లోపల కార్డు మీద నంబరుంటే చేసిన."

సర్కారు దవాఖాన గేటు కాడ నిలబడ్డడు,
బిడ్డ కాన్పుకొచ్చిండట.
"రెండు తిన్ననే, ఏమనుకోకు," అన్న.
"తియ్యగున్నయా?" అన్నడు.

మరి బస్సుల దిగేటప్పుడు తెలువలేదా అంటే
"చెయ్యి పెట్టి చూసిన బిడ్డా,
గొంగడి తగిలింది.
ఇగ మనదే అనుకున్న."

ఒక ఫోటో దియ్యి అన్నడు.
అంగీ సర్దుకోలే, తల దువ్వుకోలే.
నా చేతుల కెమెరా ఉంటే
రెండు సంచులూ ఆయనే పట్టుకున్నడు, చెరో చేత.
ఇప్పటికీ చూస్త ఆ ఫోటో,
ఏది నాదో తెలుస్తలేదు.