డీఎల్-7

విజయనగరం శివార్లలో, మూతబడ్డ గోనె మిల్లు వెనకాల
ఒక బంద.
రెవిన్యూ రికార్డుల్లో దాని పేరు వేరే ఏదో ఉంది,
నోళ్లలో మాత్రం నూనె బందే.

జనపనారని మెత్తబరచడానికి చల్లిన నూనె
నలభై ఏళ్లు తూములోంచి కారి కారి
నీటి మీద నెమలికంఠం రంగు తెట్టు కట్టింది.
ఒక్కచోట,
దాలమ్మ బట్టలుతికే రాతి పక్కన,
జానెడు మేర నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.
"ఇక్కడ నూనె నిలవదమ్మా, ఏదో తినీస్తంది" అంది
పడమటి మబ్బు చూసి వాన చెప్పినంత తేలిగ్గా.

ఆ మాట రుజువు చెయ్యడానికి నాకు
పదకొండు నెలలు పట్టింది.

రాతి కింది బురద చెంచాడు తీసి
అగర్ పళ్లేల మీద పరిచాను.
చక్కెర పెట్టలేదు, గంజి పెట్టలేదు,
ఉత్త మిల్లు నూనె చుక్క వేసి
బతికితే బతుకు అన్నాను.
ఏడో పళ్లెంలో ఆవగింజంత
చింతపువ్వు రంగులో తలెత్తింది.
దాని చుట్టూ నూనె విరిగి
చంద్రుడికి వరదగుడి కట్టినట్టు తేట వలయం.

హైదరాబాదులో చదివించి తెప్పిస్తే
నాలుగే అక్షరాలు, పద్నాలుగు వందల చోట్ల.
లోకం ఇంతవరకు చదివినవాటన్నిటి పక్కనా పెట్టి చూస్తే
అతి దగ్గరి చుట్టంతో కూడా
నూటికి తొంభై ఆరు పాళ్లే పోలిక.
అంటే ఎవరూ ఎప్పుడూ పిలవనిది.
ఆ రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్ మొరాయించినంతసేపూ
ఎవరూ తెరవకుండా
ఫ్రీజర్ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను.

కొత్తది దొరికిందని చెప్తే
దాలమ్మ చీర పిండుతూనే అంది:
"కొత్తదేటి? నానీ ఊరు కోడలుగా వొచ్చిన కాడ్నుంచీ ఉన్నాది.
మీకు కొత్త."
మళ్లీ మోచేత్తో నురగ తుడుచుకుని
"మా ఆయనకి మిల్లోళ్లు పద్దెనిమిది నెల్ల జీతం బాకీ.
దానికైనా కడుపునిండా ఎట్టినారు, నయమే."

నవ్వాలో మానాలో తెలియలేదు.

పేరు లాటిన్‌లో ఉండాలట.
దొరికిన చోటుకి అక్షాంశం, రేఖాంశం రాయాలట.
రెండు దేశాల్లో ప్రాణంతో దాచాలట.
చూపించినవాళ్లెవరు అనే గడి
ఫారంలో లేదు.

గొట్టం మీద రాసే గుర్తు మాత్రం
పట్టుకున్నవాళ్ల ఇష్టం.
డీఎల్-7 అని రాశాను.
"డీఎల్ అంటే?" కళ్లజోడు పైకి తోసి
గైడు గారు అడిగారు.
"డీప్ లేక్ సార్" అన్నాను.

ఆ బంద
దాలమ్మకి మోకాలి లోతు.