గురువారం గడి

ఉగాది మర్నాడు, కాఫీ చల్లారేలోపు
మా ఇద్దరి ఫోన్లలో ఒకటే క్యాలెండర్ పెట్టింది వకుళ.
ఎర్రవి నీవి, పచ్చవి నావి, అంది.
ఆ ఎరుపుకి ఫోనువాడు పెట్టిన పేరు టమాటా,
పచ్చకి తులసి.
సరే అన్నాను.
సరే అనడం నాకు బాగా వచ్చు.

ఏప్రిల్లో పాప స్కూలు మీటింగుకి పోలేదు.
మేలో నీళ్ళ ట్యాంకరుకి ఫోన్ చెయ్యలేదు,
హెచ్చెస్సార్ లేఔట్లో మా మూడంతస్తులూ
రెండ్రోజులు ఖాళీ బకెట్లు పట్టుకుని నన్ను తల్చుకున్నాయి.
జూన్లో స్కూటర్ ఇన్సూరెన్సు.
ఆమె అరవలేదు.
ఫోన్ నా ముఖానికి ఎదురుగా పట్టుకుని
"ఇంత ఎర్రగా పెట్టినా కనబడలేదా?" అంది.
చూశాను.
అన్నీ ఒకే రంగు గడులు,
ఎండిన పిడకల్లా వరసగా,
ఎవరివో తెలియని పనులు.

జయనగర్లో కళ్ళ డాక్టరు
చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి
ఈ గుండ్రంలో అంకె ఎంత, అనడిగింది.
అంకె ఎక్కడుంది మేడమ్, అన్నాను.
పక్క కుర్చీలోంచి వకుళ
"నలభై అయిదు" అని గొణిగింది,
పరీక్ష హాల్లో జవాబు అందించే స్నేహితురాలిలా.

ముప్పై తొమ్మిదేళ్ళు ఎట్లా నెట్టుకొచ్చారండీ అంటే
ఏం చెప్పను?
మదనపల్లె మండీలో మా నాయన టమాటాలు వేలం పాడే మనిషి.
దోరవి, పండినవి వేరు చెయ్యమంటే
బొటనవేలితో నొక్కి చెప్పేవాణ్ణి.
వీని చేతికి కండ్లుండాయప్పా అని
పదిమందిలో మురిసిపోయేవాడు.
సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గరైతే
పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే కదలాలి.
అదీ అక్కర్లేదు,
వెనకున్న ఆటోవాడి హారన్ చాలు.

ఆ సాయంత్రం నా మీదున్న కేసులన్నీ కొట్టేశారు.
వకుళ రాత్రి పదకొండు దాకా కూర్చుని
టమాటాలన్నీ ఏరిపారేసి
నా పనుల ముందు నా పేరు తెలుగులో టైపు చేసింది.
"పాపం, నీ తప్పేముంది" అంది.
కాసేపాగి మళ్ళీ అంది.
రెండోసారి అన్నప్పుడు
చేపముల్లేదో గొంతుకి అడ్డం పడ్డట్టయింది.

ఆమె నిద్రపోయాక, దుప్పటి కింద
వెలుతురు తగ్గించి
ఉగాది దాకా వేలితో వెనక్కి జరిపాను.
ప్రతి గురువారం, ఆరున్నరకి, ఒక నీలం గడి.
అగర చెరువు, మనిద్దరం.
అంతే రాసుంది.
మొదటి వారం ఆఫీసులో రిలీజ్ అన్నాను.
రెండో వారం వాన, అది నిజమే.
మూడో వారం ఏమన్నానో గుర్తులేదు.
తర్వాత ఆమె అడగడం మానేసింది,
గడి మాత్రం తీసెయ్యలేదు.
ఒకసారి 'ప్రతివారం' అని నొక్కితే చాలు,
ఎవరూ పిలవకపోయినా
వచ్చి తన చోట కూర్చుంటుంది.

నీలం నాకు కనిపిస్తుంది.
స్కూలు ఇంకు, గ్యాసు స్టవ్ మంట,
ఆమె పెళ్ళినాటి చీరంచు, అన్నీ.
డాక్టరు కూడా చెప్పింది, నీలానికి ఢోకా లేదని.
వకుళ అప్పుడు పక్కనే ఉంది.
విన్నది.
చెప్పుల స్ట్రాపు సర్దుకుంటూ
నావైపు చూడలేదు.

ఇవాళ గురువారం.
మారతహళ్ళి నుంచి అగర ఎనిమిది కిలోమీటర్లు,
ఈ ఊళ్ళో దాన్ని గంటా పది నిమిషాలు అంటారు.
అయిదుంబావుకి ల్యాప్‌టాప్ మూశాను.
మేనేజరు గాజుగదిలోంచి తలెత్తాడు.
లిఫ్టు ముందు రెండు బొత్తాలు,
ఒకటి పైన, ఒకటి కింద.
కిందది నొక్కాను,
వెలిగింది.
ఏ రంగో నాకు తెలీదు.