పళ్లు కనపడాలి, నవ్వకూడదు

ఆ థర్మాకోల్ అట్ట పట్టుకున్నది నేనే.
కనిగిరి బస్టాండు వెనక
సిలార్ ఫోటో స్టూడియో నాది.
పెళ్లిళ్లు లేని ఆషాఢంలో
రోజుకి పన్నెండొందలు, మధ్యాహ్నం బిర్యానీ పొట్లం అంటే
ఎండని దారి మళ్లించి ఒక పిల్ల ముఖం మీద పోయడానికి
హైదరాబాదు కారు వెనక సీటెక్కాను.

పల్లె పేరు వాళ్లకి అక్కర్లేకపోయింది.
బోరింగు చాలు.
ఆ నీళ్లు తాగి తాగి
గోధుమరంగు చారలు పడ్డ పళ్లు చాలు.

ఎనిమిదేళ్ల అంకమ్మ
కెమెరాని చూడగానే పకపకా నవ్వింది.
ఎంత బాగా కనపడ్డాయో పళ్లు!
డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు.
నవ్వే బిడ్డకి ఎవరిస్తారండీ?
పళ్లు కనపడాలి, నవ్వకూడదు.
ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఇదే తగువు.
నోరు తెరిస్తే నవ్వొస్తది
నవ్వు ఆపితే నోరు మూతపడతది
పిలకాయకి మూడో దారి తెలీదు.
చివరికి ఉపాయం చెప్పింది నేనే:
"డాక్టరుకి చూపించినట్టు ఆ... అనమ్మా."
ఆ... అంది.
నా చేతుల్లో ఎండ కొంచెం వణికింది.

నాయనమ్మ మాలకొండమ్మ
తోమి తోమి అద్దంలా చేసిన స్టీలు బిందె తెస్తే
తీసెయ్యమన్నారు.
గొడ్లపాక నుంచి సొట్ట బిందె ఒకటి వచ్చింది.
"పొదుపు సంఘం డబ్బులతో కొన్నదబ్బయా,
దీనికేం రోగం?" అని ఆమె అడుగుతూనే ఉంది.
తెల్లకోటు వేసుకున్నాయన గంభీరంగా తలూపాడు.
పొద్దున మా డీజిలు బిల్లు రాసిందీ ఆయనే.

దసరా దాటాక
యానాదయ్య టీకొట్టు టీవీలో నలభై సెకన్లు.
అంకమ్మ పేరు ఆశ అయింది.
పొగాకు గ్రేడింగుకి పోయిన వాళ్లమ్మ
అసలు పుట్టనే లేదు.
మా వైపు ఎవరూ ఎరగని వయొలిన్ ఒకటి సన్నగా కోస్తుంటే
ప్రతి పదిమందిలో ఏడుగురు అని ఒక అంకె వచ్చి
ఎవరూ లెక్కపెట్టకముందే పోయింది.
"రోజుకి ఒక్క టీ మానేస్తే చాలు"
అంది ఆడగొంతు, మన ఒక్కరి చెవిలోనే అన్నట్టు.

గ్లాసులన్నీ గాల్లో ఆగాయి.
"ప్రతివాడూ టీనే మానమంటాడేందన్నా,
మా కడుపు మీద కొట్టడానికి కాకపోతే?"
యానాదయ్య గొణిగాడు, నలుగురూ నవ్వారు.
ఒకాయన మాత్రం సగం గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.
నేనా?
ఆ వెలుతురు నేను పట్టింది
ఆ 'ఆ' నేను నేర్పింది
అయినా గొంతులో ఏదో అడ్డంపడి
ఫోను తీసి రెండొందలు పంపాను,
పావురం ఏ చేతిలో ఉందో తెలిసిన గారడీవాడి తమ్ముడు
అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినట్టు.

ఉగాదికి నీళ్ల ప్లాంటు వచ్చింది.
నీలం ట్యాంకు, దాని మీద ఆశ పేరు,
ఆ పల్లెలో ఎవరికీ లేని పేరు.
దోసిలి పట్టి తాగి చూశాను.
నీళ్లు మాత్రం నిజం.
అబద్ధానికి కొళాయి బిగిస్తే
మంచినీళ్లొస్తుంటే
ఎవరితో పోట్లాడను?
ఆ కెమెరాతోనా, ఆ రెండొందలతోనా,
అంకమ్మ తమ్ముడి పాలపళ్లతోనా?

మొన్న మాలకొండమ్మ కొట్టుకొచ్చింది.
"ఆ బేలముఖం కాదబ్బయా,
అంతకుముందు నవ్విందే, అది కావాల.
ఫ్రేము కట్టియ్యి, గోడకి పెద్దగా కనపడాల."
లైటు చూసుకోడానికి నేను తీసుకున్న మొదటి ఫోటో అది,
ఇంకా నా దగ్గరే ఉంది.
డబ్బులొద్దులే అవ్వా అన్నాను.
ఆమె ముఖం మారిపోయింది.
"ఏం, నేనేమన్నా టీవీలో ఉన్నానా?
రేటు చెప్పు."

నాలుగొందలన్నాను.
కొంగుముడి విప్పుతూ, తిడుతూ, నవ్వుతూ
మూడొందల ఇరవైకి తెగ్గొట్టింది.